తీర్థంతో ఇచ్చిన మాత్ర

"హార్మోన్ మాత్రలేమైనా వాడినారామ్మా?"

ప్రొద్దుటూరు ఆసుపత్రిలో డాక్టర్ భార్గవి రిపోర్టు మీంచి తలెత్తకుండానే అడిగింది.

"ఏం లేదు మేడం," అంది పెంచలమ్మ.

పక్కన కూర్చున్న నాగేంద్ర ముందుకు వంగాడు. భార్య అబద్ధమాడుతోంది, అదీ తనను కాపాడటానికే.

"వాడింది మేడం. నేనే తెచ్చిస్తాంటి. మాల ఏసుకున్నప్పుడల్లా, ఈమె బయట చేరకూడదని."

"నెలసరి వాయిదా మాత్రలా? ఎన్నేళ్లుగా?"

"పన్నెండేండ్లు."

డాక్టర్ పెన్ను పక్కన పెట్టింది. "ఈ రొమ్ము క్యాన్సర్ గడ్డ హార్మోన్ల మీద బతికే రకం. మాత్రల్లోని హార్మోన్లు ఒంట్లో విడిపోయి తయారయ్యే పదార్థాలు కూడా ఈ కణాలను రెచ్చగొట్టొచ్చు. మీ మాత్రల వల్లే వచ్చిందని చెప్పలేను. కాదనీ చెప్పలేను. ఇక ఒక్కటి కూడా వద్దు."

పులివెందుల బస్సు ముద్దనూరు దాటినా నాగేంద్రకు ఆ మాత్రలే కళ్లముందు మెదులుతున్నాయి. మాల వేసుకున్న రోజుల్లో తెల్లవారుజాము పూజ కాగానే ఆమె అరచేతిలో మాత్ర పెట్టి, దాని మీద ఉద్ధరిణెడు తీర్థం పోసింది తనే. ఆమె కళ్లకద్దుకుని మింగేది. ఆ మాత్రను సామి ఎప్పుడన్నా అడిగినాడా? ఆమెను ఆ రూపాన పుట్టించినవాడికి ఆమె రక్తం మైల అవుతుందా?

"తప్పు చేసినా పెంచలా."

"ఊరుకో మామా. అందరూ ఈడికే చూస్తాండారు."

"చూడనీ. ఈసారి మాల ఏసినా మాత్ర తేను. నువ్వు బయట చేరినా సరే, దీపం నువ్వే పెట్టల్ల. సామికి కోపమొస్తే నా మీద రానీ."

పెంచలమ్మ కిటికీలోంచి చీనీ తోటలకేసి తల తిప్పుకుంది.

"ఇంగ యాడ చేరేది మామా. అది ఆగిపోయి నాలుగేండ్లాయ. నేను నెలనెలా ఎడంగా పక్కన కూచోడం మానేసింది గూడా చూసుకోలేదా నువ్వు?"

నాగేంద్ర బిత్తరపోయాడు. "మరి పోయిన కార్తీకంలో గూడా మింగితివే! నోరు తెరిచి నాకు చెప్పొద్దా?"

"నువ్వడిగితే గదా చెప్పేది," అంది పెంచలమ్మ మెల్లగా. "అడక్కుండా చేతిలో తీర్థం పోస్తివి. దేవుని తీర్థం ఎట్లా ఉమ్మేసేది మామా?"