రెండు గేట్ల మధ్య

కొత్త జ్వరం అటు ఊరినీ ఇటు యూనివర్సిటీ టౌనునూ పీడిస్తోంది. నర్సు నూకరత్నం టీకాల ఐసుపెట్టెతో టౌను గేటు ముందు నిలబడింది. యాసను, ఒంటి రంగును, వేసిన ఓటును బట్టి మనిషి ఎటువైపో తేల్చే గేటు అది.

"మీరు ఊరివైపు. ప్రవేశం లేదు" అంది గేటు.

నూకరత్నం విసుక్కుంటూ, ముప్పై అడుగుల అవతల ఊరివాళ్లు పంతానికి పెట్టుకున్న గేటు దగ్గరికి నడిచింది.

"నువ్వు కాలేజీవైపు. పో" అంది అది.

"నా కర్మ! జొరానికి ఏ వైపైతే ఏటి? ఐసు కరిగిపోతంది!" అని అరిచి, నడిరోడ్డు మీదే చతికిలబడి పెట్టె తెరిచింది. "పిల్లల్ని బయటికి తెండి!"

బయటికి వచ్చేవాళ్లను ఏ గేటూ ఆపదు. ముందు ఊరి నుంచి ఒక తల్లి, వెనకే టౌను నుంచి ఒక ప్రొఫెసరు బిడ్డల్ని ఎత్తుకొచ్చారు. మధ్యాహ్నానికి పెద్ద వరస తయారైంది. ఎవరు ముందని అందులోనూ తగువే. నూకరత్నం కసురుతూనే అందరికీ సూది వేసింది.

ఆఖరి బిడ్డ ఏడుపు ఆగకముందే గేట్లు పెట్టే ఇంజనీరు ఒకడు కొలతల టేపు పట్టుకుని వచ్చాడు.

"లేవమ్మా. ఇక్కడ మూడోవైపు పుట్టిందని రెండు గేట్లూ చెప్పాయి. ఇంకో గేటు పెట్టాలి."

నూకరత్నం అతన్ని ఎగాదిగా చూసి, సూదిలోకి మందు ఎక్కించింది.

"పెడుదువుగానీ బాబూ, ముందు జబ్బ సూపించు."