ఒక్క స్టారు

"పోయింది! ముసలాడి ఉద్యోగం ఊడింది!"

ప్లేనోలోని తన ఇంట్లో, సోఫాలోంచి గంతేసి లేచాడు చక్రధర్.

పది రోజులుగా అతనికి ముద్ద దిగలేదు మరి.

బెలీజ్ దేశపు అడవిలో, పెద్దగా ఎవరికీ తెలియని, మాయా అనే పాతకాలపు జాతివాళ్ల శిథిలాలు చూద్దామని అప్పుడు చక్రధర్‌వాళ్లతో కలిపి నాలుగు కుటుంబాలు వెళ్లాయి. పన్నెండు వందల ఏళ్లనాటి రాతిమెట్లు. మెట్టుమెట్టుకీ రాజుల పేర్లు, వాళ్లు గెలిచిన యుద్ధాలు చెక్కి ఉన్నాయి.

అడ్డంగా కట్టిన తాడు దాటి, మెట్లెక్కి పోజు పెట్టాడు చక్రధర్.

కాపలా ముసలాయన ఒక్క ఉదుటున వచ్చి, చొక్కా పట్టుకుని కిందికి లాగాడు. చక్రధర్ బురదలో కూలబడ్డాడు.

తోటివాళ్లంతా పగలబడి నవ్వారు. ఆ నవ్వు అతను మర్చిపోలేదు.

ఇంటికి రాగానే తెలుగువాళ్ల వాట్సాప్ గ్రూప్‌లో మెసేజ్ పెట్టాడు.

"బ్రదర్స్, మన ఫ్యామిలీని ఇన్సల్ట్ చేశారు. ఆ ప్లేస్‌కి ఆన్‌లైన్‌లో అందరూ వన్ స్టార్ కొట్టండి!"

బెలీజ్ ఎక్కడుందో తెలియనివాళ్లు కూడా కొట్టారు. సాయంత్రానికి అరవై రెండు రివ్యూలు. ఒకాయన 'ఫుడ్ బాలేదు' అని రాశాడు. అక్కడ ఫుడ్డే లేదు.

పైగా ఆ చోటు చూసుకునే ఆఫీసుకి రోజుకో కంప్లయింట్ మెయిల్ పెట్టాడు చక్రధర్. ఇవాళ జవాబొచ్చింది. 'క్షమించండి. ఆయన్ని తీసేశాం.'

"పెద్దాయన కదండీ, పాపం," అంది భార్య భావన.

"పెద్దాయనైతే? నలుగురిలో నా చొక్కా పట్టుకుంటాడా? తిక్క కుదిరింది!"

అంతలో కూతురు నైనిక ఐప్యాడ్ పట్టుకొచ్చింది. ఆ ట్రిప్ మీదే స్కూల్లో ప్రాజెక్ట్ చేస్తోంది.

"డాడీ, మన గ్రూప్ ఫోటో జూమ్ చేశా. వెనక బోర్డ్ మీద ఆ తాత పిక్చర్ ఉంది, లుక్!"

"ఏ బోర్డ్?"

గేటు దగ్గరి బోర్డు. అందరూ దాని ముందు నిలబడి ఫోటో దిగారు. ఒక్కరూ చదవలేదు.

చక్రధర్ నవ్వుతూనే ఐప్యాడ్ అందుకున్నాడు. తలల పైన అక్షరాలు స్పష్టంగా ఉన్నాయి. చదువుతుంటే ముఖంలో నవ్వు ఇంకిపోయింది.

"ఏముందండీ?" అంది భావన.

అతను ఐప్యాడ్ కూతురి చేతికిచ్చేశాడు. నైనికే చదివి చెప్పింది.

"ఈ స్టెప్స్ ఆ తాత మొక్కజొన్న ఫీల్డ్‌లో దొరికాయంట మమ్మీ. ల్యాండ్ అంతా ఫ్రీగా ఇచ్చేసి, బతికున్నన్నాళ్లు వాటికి నేనే కాపలా ఉంటా, అదొక్కటి చాలు అన్నాడంట."