కాగితంలో లేని మాట

మధుమిత మైకు ముందుకు వచ్చేసరికి హాల్లో సగం మంది ఫోన్లు చూసుకుంటున్నారు. అంతకుముందు మాట్లాడిన ఐదుగురూ పెద్ద పెద్ద కంపెనీల అధిపతుల గురించే చెప్పారు మరి.

కెనడాలోని సార్నియాలో ఉంటున్న తెలుగు పెద్దలు కొందరు కలిసి, కాలేజీ పిల్లలకు పెట్టిన ఉపన్యాసాల పోటీ అది. విషయం నాయకత్వం. గెలిచినవాళ్లకు వచ్చే సెమిస్టర్ ఫీజు ఆ పెద్దలే కడతారు. మధుమిత పార్ట్‌టైమ్ ఉద్యోగం పోయి రెండు నెలలైంది. సిరిసిల్లలో ఇంటి మగ్గాలు ఆగి ఇంకా ఎక్కువే అయింది. శుక్రవారంలోగా ఫీజు కట్టకపోతే చదువు ఆగిపోతుంది.

"మాకు ఆరు మరమగ్గాలుండేవి," అని మొదలుపెట్టింది. "కరెంటు పోయి వచ్చినప్పుడల్లా మా నాన్న ముందు పనివాళ్ల మగ్గాలు నడిపించేవాడు. తనది చివర. తెగిన పోగు అతికేటప్పుడు ఒక కన్ను మూసుకునేవాడు. నాకు తెలిసిన నాయకుడు ఆయనే."

కాగితంలో రాసుకున్నది అంతే. వెనక వరుసలో ఎవరో ఆవలించారు.

"ఇప్పుడు ఆయన లేరు," అంది మధుమిత.

ఫోన్లన్నీ కిందికి దిగాయి.

మొదటి బహుమతి ఆమెకే వచ్చింది. రూమ్మేట్ దేవిశ్రీ వచ్చి గట్టిగా పట్టుకుంది.

"ఏడాదిగా ఒకే గదిలో పడి ఉంటున్నాం. నాకొక్క ముక్క చెప్పలేదేంటే? నీ చార్జర్ పోతే మాత్రం వారం రోజులు చెప్పావు!"

మధుమిత నవ్వలేకపోయింది.

బస్సు కోసం నిలబడితే, బహుమతి ఇచ్చిన జనార్ధనరావుగారు కారు ఆపి ఎక్కించుకున్నారు. ఆయన రిటైరైన ఇంజనీరు. దారిలో ఉన్నట్టుండి అన్నారు.

"మా నాన్న పోయినప్పుడు నేనిక్కడే ఉన్నానమ్మా. మంచుకి ఫ్లైట్లు ఆగిపోయాయి. ఆఖరి చూపు దక్కలేదు. నువ్వైనా వెళ్లగలిగావా?"

ఆమె కిటికీలోంచి బయటికి చూస్తూ తల అడ్డంగా ఊపింది. నాన్నను అమ్ముకున్నట్టు అనిపించింది.

"ఆయన ఫోటో ఒకటి పంపమ్మా. దండ వేసింది ఉంటుందిగా? మా గ్రూపులో పెడతాను. చూసి ఇంకెవరైనా పిల్లలకు సాయం చేయడానికి ముందుకొస్తారు."

"సరే అంకుల్."

గదికి రాగానే ఇంటికి ఫోన్ చేసింది.

"అమ్మా, నాన్న ఫోటో కావాలె. దండ ఏసింది."

అవతల టీవీ చప్పుడు ఆగిపోయింది.

"ఎందుకు బిడ్డా?"

"స్పీచ్‌ల నాన్న గురించి చెప్పిన. ఫస్ట్ వచ్చిన. ఫీజు ఇగ వాళ్లే కడ్తరట."

"ఏం చెప్పినవ్?"

మధుమిత చేతిలోని స్పీచ్ కాగితాన్ని మడతపెట్టింది. అమ్మ రెండోసారి అడగలేదు.

"జరసేపు ఆగు. పంపిస్తం," అంది అమ్మ.

ఆ అరగంటా మధుమిత ఫోన్‌ను బోర్లా పెట్టి, దానికి దూరంగా కూర్చుంది. దేవిశ్రీ ఇచ్చిన టీ చల్లారిపోయింది.

ఫోటో వచ్చింది. రేషన్ కార్డు కోసం తీయించుకున్న దాన్ని ఎప్పుడో పెద్దది చేయించి కట్టించిన పటం. నుదుటిన కుంకుమ బొట్టు. పటం చుట్టూ బంతిపూల దండ. కింద వెలుగుతున్న దీపం. అన్నీ సరిగ్గానే ఉన్నాయి.

జనార్ధనరావుగారికి పంపే ముందు, వేళ్లతో పెద్దది చేసి చూసింది.

దండ మధ్య పటం అద్దంలో, పొద్దున్నే వీడియో కాల్ చేసి 'భయపడకుండ మాట్లాడు బిడ్డా' అన్న నాన్న, అదే నీలం బనియన్‌తో, ఒక కన్ను మూసుకుని, ఆ ఫోటో తీస్తూ కనిపించాడు.