ఆర్కిడ్ మీద జిగురు చుక్కలు

ఎక్కడ మరక కనపడినా ముందు తుడిచే మనిషినే నిలదీయాలని ఏ బడిలో నేర్పుతారో నాకు తెలియదు. మా మేనేజరు మాత్రం ఆ చదువులో ఫస్టు క్లాసు!

ఆ ఉదయం రిసెప్షన్‌లో ఉన్న ఆర్కిడ్ పూలమొక్క మొగ్గల కింద జిగురు చుక్కలు మెరుస్తున్నాయి. ఆఫీసు తుడిచే అక్కను మేనేజరు కేకేశాడు.

"మొక్క మీద టీ ఒలకబోశావు కదూ? రేపట్నించి పనిలోకి రాకు."

"టీ కాదు సార్. మొక్క ఒంట్లోంచే వస్తాయవి. పుష్టిగా ఉండి మొగ్గ తొడిగితే అలా తియ్యటి చుక్కలు పెడుతుంది. కావాలంటే వేలితో అద్ది నాలిక్కి రాసుకు చూడండి."

"నాకే పాఠాలా? నా గదిలో ఆర్కిడ్ చూడు! రెండేళ్లుగా నా చేత్తో నీళ్లు పోస్తున్నా. ఒక్క చుక్క ఉందా? ఒక్క ఆకు రాలిందా?"

అక్క చేత్తో నోరు మూసుకుంది. ఏడుస్తోందనుకున్నాం. నవ్వాపుకుంటోంది.

"అయితే రేపట్నించి ఆ కుండీలో నిలిచిన నీళ్లు మీరే పారబోసుకోండి సార్. అది ప్లాస్టిక్‌ది. ముచ్చటపడుతున్నారు కదా అని ఇన్నాళ్లూ చెప్పలేదు."

మర్నాడు అక్క వేళకే వచ్చింది. మేనేజరే రాలేదు.