మూడో మౌత్‌పీస్

కొత్త ట్రాంబోన్ బాకాకి పాత మౌత్‌పీస్, అంటే నోటికి ఆనించి ఊదే ముక్క, పట్టలేదు. దాని కాడ సన్నం. గొట్టంలో పెడితే లోపలికంటా దిగిపోయి వదులుగా ఊగింది. వాద్యబృందం ఉద్యోగ పరీక్షకి బయల్దేరడానికి చూస్తే ఇంకా మూడు రోజులే.

తపాలా ఆఫీసులో గుమస్తాగా పనిచేసే ఆ అమ్మాయి మొహం వేలాడేసింది. పక్కనే ఉన్న పెద్దాయన మాత్రం అప్పటికే చెప్పులేసుకున్నాడు.

"పదమ్మాయ్, వాద్యాల కొట్టు కట్టేస్తారు."

ఆయన ముప్ఫై ఏళ్లు బస్సు డిపోలో మెకానిక్‌గా చేసి రిటైరైన మనిషి. ఇంజన్ మూత తీయకుండానే, చప్పుడు విని జబ్బు చెప్పేవాడని పేరు. ఈ ఉద్యోగం ప్రకటన పేపర్లో చూసి కత్తిరించి తెచ్చిచ్చింది ఆయనే. పేరున్న వాద్యబృందం. రాత్రంతా రైల్లో కూచుంటే గాని చేరలేనంత దూరం. ఖాళీ ఒక్కటే, అదీ పెద్ద ట్రాంబోన్‌కి. ఆమె వాయించేది చిన్నది. తనవల్ల కాదని ఆమె అంటే వారం రోజులు వెంటపడి ఒప్పించాడు. తపాలా గుమస్తా అయిన ఆమె దరఖాస్తుని తనే స్వయంగా తీసుకెళ్లి పోస్టు చేశాడు.

కొట్టాయన మూడు మౌత్‌పీసులు బల్ల మీద పెట్టాడు.

మొదటిది బాగా పెద్దది. ఆమె ఊదగానే గదంతా నిండింది. అద్దాల బీరువా సన్నగా అదిరింది. ఆమెకి నచ్చేసింది.

"ఐదు నిమిషాలకి ఏదైనా బానే ఉంటుంది. అరగంట ఊదు" అన్నాడు పెద్దాయన, స్టూలు లాక్కుని కూర్చుంటూ.

ఇరవయ్యో నిమిషానికి పెదాలు మొరాయించాయి. పై స్వరాలు అందలేదు.

రెండోదాని గిన్నె, అంటే పెదాలు ఆనే చోటు, పాతదాని కొలతే, కాడ మాత్రం లావు. పెదాలకి హాయిగా ఉంది గాని మోత పీలగా వచ్చింది. ఈ మాత్రం దానికి పెద్ద ట్రాంబోన్ ఎందుకని ఆయన దాన్ని పక్కన పెట్టించాడు.

మూడోది మధ్యరకం. ఆయన కళ్లు మూసుకుని కాసేపు విని, ఆగమని చెయ్యెత్తాడు.

"పాటలో నాలుగో వరుస చివర రోజూ నీకు ఊపిరి తెగుతుంది. అక్కణ్నుంచి వాయించు."

వాయించింది. తెగలేదు. నమ్మకం కుదరక ఆరుసార్లు వాయించమన్నాడు. అప్పుడు గాని "ఇదే" అనలేదు.

కొట్టాయన ముచ్చటపడ్డాడు. ఈ రోజుల్లో ఇలాంటి గురువు దొరకడం అదృష్టమన్నాడు.

"గురువు కాదండీ, అంతకంటే ఎక్కువే. ఆరేళ్లుగా నా తెల్లవారుజాము సాధన ఈయన వినని రోజు లేదు" అందామె.

"తప్పలేదండీ" అన్నాడు పెద్దాయన నేల చూపులు చూస్తూ.

ఆ మూడు రోజులూ ఆయన ఆమె ఎదురుగానే కుర్చీ వేసుకున్నాడు. ఎక్కడ తడబడితే అక్కడ ఆపి మళ్లీ మొదలుపెట్టించాడు. స్టేషన్‌కి కూడా వెళ్లి, రైలు కదిలేదాకా కిటికీ దగ్గరే నిలబడ్డాడు.

పది రోజులకి ఉత్తరం వచ్చింది. ఆమె పరుగున వచ్చి ఆయన చేతికిచ్చింది. ఆయన రెండుసార్లు చదివాడు.

"అయితే నిజంగా వెళ్లిపోతావా?"

ఆమె తలూపింది. ఆయనకి కళ్లనీళ్లు ఆగలేదు.

"సొంతవాళ్లు కూడా నా గురించి ఇంత తాపత్రయపడలేదు బాబాయ్ గారూ."

సామాన్లు ఆయనే దగ్గరుండి కట్టించాడు. లారీని ఒకరోజు ముందే మాట్లాడి తెచ్చాడు. అది వీధి మలుపు తిరిగాక కూడా చాలాసేపు గేటు దగ్గరే ఉండిపోయాడు.

మర్నాడు, ఖాళీ అయిన పైవాటాకి సరిగ్గా కిందున్న తన వాటాలో, పెద్దాయన ఆరేళ్లలో మొదటిసారి పొద్దున్న తొమ్మిదింటిదాకా నిద్రపోయాడు.