గీత మీది బంతి

బజర్ మోగింది. ‘కుంటినక్క’ ఆగిపోయింది.

ఎడమ చక్రం ఈడుస్తుందని పిల్లలు తమ రోబోకి పెట్టుకున్న పేరది. అది తోసిన ఆఖరి బంతి, నేల మీద గీసిన పెట్టె అంచున, సగం లోపల సగం బయట నిలబడింది.

రిఫరీ వంగి చూశాడు. "బంతి పెట్టెలో ఉండాలని కదా నిబంధన. ఇది లేదు. ఒక్క పాయింటు తేడాతో మీరు ఓడిపోయారు."

కెప్టెన్ అమ్మాయి గీత పక్కనే కూలబడింది. ఫైనల్‌కి వెళ్ళకపోతే రోబోల గదిలో విరిగిన కుర్చీలు వేయిస్తానని హెడ్‌మాస్టర్ ముందే చెప్పేశాడు. మూడేళ్ళుగా ఆ పిల్ల బడికి వస్తున్నదే ఆ గది కోసం.

"అమ్మాయ్!"

బుట్టలోకి బంతులు ఏరుతున్న ముసలాయన పిలిచాడు. మోకాళ్ళ దగ్గర ప్యాంటు మాసిపోయి ఉంది.

"స్కోరు కాగితం మీద సంతకం పెట్టేముందు రిఫరీని అడుగు."

"ఏమని?"

"పెట్టెలో అంటే మొత్తం లోపలుండాలా, కొంచెం ఉన్నా చాలా అని."

"మీకు తెలిస్తే మీరే చెప్పండి తాతగారూ."

"నేను చెప్పకూడదు. నువ్వే అడగాలి. అడగందే అమ్మైనా పెట్టదమ్మా."

సైన్సు టీచరు గబగబా వచ్చింది. "పెద్దాయనా, మీ పని మీరు చూసుకోండి. మా పిల్లలకి లేనిపోనివి నూరిపోయకండి."

తర్వాత అమ్మాయి చెవిలో అంది. "రిఫరీతో పేచీ పెట్టుకుంటే వచ్చే ఏడు మనల్ని గేటు దగ్గరే ఆపేస్తారు. పాయింట్ల పట్టికంతా నేను చదివాను కదా, అలాంటిదేమీ లేదు!"

ముసలాయన మిగతా బంతులన్నీ ఏరాడు. గీత మీదున్నదాన్ని మాత్రం ముట్టుకోలేదు.

"ఆ ఒక్కటీ తీయడానికి ముహూర్తం చూడాలా తాతా?" తర్వాతి జట్టువాళ్ళు నవ్వారు.

రిఫరీ కాగితం చాపాడు. "సందేహాలేమైనా ఉన్నాయా?"

అమ్మాయి టీచరు వంక చూసింది. టీచరు తల అడ్డంగా ఊపింది.

"లేవు సార్."

సంతకం పెట్టేసింది. కలం కదిలినంతసేపూ ముసలాయన చూశాడు. తర్వాత నడుం పట్టుకుని వంగి, ఆ బంతిని బుట్టలో వేశాడు.

ఏడుపు ఆపుకోవడానికి అమ్మాయి మెట్ల మీద కూర్చుని నిబంధనల పుస్తకం తెరిచింది. ఆఖరి పేజీ దాకా ఎవరూ చదివినట్టు లేదు.

‘నిబంధనకు రెండు అర్థాలు వస్తే, అడిగిన జట్టుకు లాభించే అర్థమే చెల్లుతుంది. విద్యార్థే అడగాలి. సంతకానికి ముందే అడగాలి.’

పరుగెత్తింది.

"అడుగుతున్నాను సార్! ఇప్పుడు అడుగుతున్నాను!"

రిఫరీ మొహం చిన్నబోయింది. "సంతకం పడ్డాక బ్రహ్మదేవుడొచ్చినా మార్చలేడమ్మా. అందుకేగా సందేహాలున్నాయా అన్నాను?"

గది పోయింది. ఒక్క మాట అడగనందుకు పోయింది. ఆ పిల్లకి ఇక ఏడుపు కూడా రాలేదు.

"ఆ బంతులు ఏరే తాత అడగమన్నాడు సార్. నేనే లెక్కచేయలేదు."

రిఫరీ మైదానం వైపు చూశాడు. ముసలాయన మోకాళ్ళ మీద పాకుతూ తర్వాతి ఆటకి బంతులు సర్దుతున్నాడు.

"కుర్చీలో కూర్చున్నవాళ్ళని అడగడానికి పిల్లలు జంకుతారని, ఆ పుస్తకం రాసినాయన పదేళ్ళుగా అక్కడే బంతులు ఏరుతున్నాడమ్మా."