నడక నేర్చిన డేగ

“ఇక ఒంటి నిండా ఆ తెల్ల బొట్లు అంటించుకునే పని లేదు, కూర్చోండి” అంది ఇంజనీరు, కుర్చీ ముందుకు జరుపుతూ. “పొద్దున్నే ఎగిరింది.”

“ఏది ఎగిరింది?” అన్నాడు మిమిక్రీ కళాకారుడు.

ఊళ్లో అతన్ని అందరూ ‘అచ్చు’ అంటారు. ఎవరి గొంతయినా, ఎవరి నడకయినా అచ్చుగుద్దినట్టు దించేస్తాడు మరి. కంప్యూటర్ ఆటలో ఒక కుంటి విలన్ నడవాలి, ఈ వీడియో చూసి నడవండి అని ఈ ఆఫీసువాళ్లు పిలిస్తే వచ్చాడు. ఒంటి కదలికలు కెమెరాలకు తెలిసేలా తెల్ల బొట్లు అంటించి నడిపించేవారు. ఆ వీడియో ఉత్త మసక. ఎవడో ఎడమ కాలు ఈడ్చుకుంటూ నాలుగడుగులు వేసి గోడ చాటుకు పోతాడు, అంతే. మొదటి వారమంతా ‘ఇది కాదు, ఇలా కాదు’ అంటూ ఈవిడ అతనికి తల ప్రాణం తోకకు తెచ్చింది. ఇక పొమ్మంటారేమో అనుకున్న రోజున ఉన్నట్టుండి నడక కుదిరింది. గదిలో అందరూ చప్పట్లు కొట్టారు.

ఇంజనీరు తన ముందున్న తెరను అతని వైపు తిప్పింది. పైనుంచి కనిపిస్తున్న వీధులు, చీమల్లా జనం. ఒక్కొక్కరి చుట్టూ తెల్లటి గీత పడుతోంది, చెరిగిపోతోంది.

“ఇది ఆట కాదండీ. ఇన్నాళ్లూ మీకు చెప్పకూడదన్నారు. ఆ వీడియోలోవాడు బాంబులు పెట్టేవాడు. ముఖం ఎప్పుడూ కప్పుకునే ఉంటాడు. అందుకే మా డేగకు, అదే పొద్దున ఎగిరిన డ్రోన్‌కు, వాడి నడక నేర్పాం. ఆ నాలుగడుగులు చూసి అదేం నేర్చుకుంటుంది చెప్పండి? మెట్లెక్కితే ఎలా, బరువు మోస్తే ఎలా, తొందరలో ఎలా... అన్నీ మీరే నడిచి చూపించారు.”

“దొరికితే ఏం చేస్తుంది?”

“కాల్చేస్తుంది.”

“కాల్చమని ఎవరు చెప్తారు?”

“ఎవరూ చెప్పక్కర్లేదు. అదే చూసుకుంటుంది. మనిషిని అడిగి, ఆ మనిషి ఆలోచించి సరే అనేలోగా వాడు సందు తిరిగిపోడూ?”

“పొరపాటు పడితే?” అన్నాడు అచ్చు.

“పడదు. పక్కవాడికి చిన్న దెబ్బ కూడా తగలనివ్వదు. మీరు నేర్పిన నడక నడిచేవాణ్ని తప్ప ఇంకెవర్నీ ముట్టుకోదు” అని నవ్వింది. “మీరు మాత్రం బయట సరదాకైనా అలా నడవకండి బాబూ!”

“ఆపేయండి దాన్ని. ఆ నడకలో తప్పుంది. మళ్లీ నడిచి చూపిస్తాను.”

“ఏం తప్పు?”

అతను నోటిదాకా వచ్చిన మాట మింగేశాడు. “ముందు ఆపండి, చెప్తాను.”

“ఎలా ఆపను? శత్రువులెవరైనా మన మాటగా చెప్పి ఆపేస్తారని, అసలు ఎవరి మాటా వినకుండా తయారుచేశారు. పనైనా అవ్వాలి, బ్యాటరీ అయినా అయిపోవాలి.”

అతను వెంటనే ఇంటికి ఫోన్ చేశాడు.

“నాన్న ఇంట్లోనే ఉన్నాడు కదా?”

“మామయ్యగారా? ఇందాకే ఆటోలో మీ దగ్గరికే బయల్దేరారు” అంది భార్య. “మీరు కళ్లజోడు మర్చిపోయారుగా! లిఫ్టు పనిచెయ్యదటగా అక్కడ, ఎదురుగా బెంచీ మీద కూర్చుంటారట, మిమ్మల్నే దిగి రమ్మన్నారు. తీరా చూస్తే తన ఫోన్ ఇక్కడ వదిలేశారు. తండ్రీకొడుకులకు ఒకటే మతిమరుపు.”

అతను కిటికీ దగ్గరికి పరిగెత్తాడు. రోడ్డుకు అవతల మందుల షాపు ముందు బెంచీ మీద నాన్న. ఒళ్లో కళ్లజోడు పెట్టె. పైనెక్కడో సన్నగా, కందిరీగలా డేగ రొద.

“నాన్నా, లేవకు! అక్కడే కూర్చో!”

ఆ ట్రాఫిక్ హోరులో ఏం వినపడుతుంది? ముసలాయన తలెత్తి చూశాడు. కిటికీలో కొడుకు కనపడేసరికి ముఖం చేటంత అయింది. రమ్మంటున్నాడనుకుని బెంచీ చెయ్యి పట్టుకుని లేవబోయాడు.

అచ్చు మెట్ల మీద పడుతూ లేస్తూ కిందికి దిగాడు. వీధిలోకి వచ్చేసరికి నాన్న దీపస్తంభం పట్టుకుని నిలబడి, అడ్డుగా ఉన్న బస్సు కదిలితే రోడ్డు దాటాలని చూస్తున్నాడు. రొద నడినెత్తి మీదికి వచ్చేసింది.

అచ్చు నాన్న వైపు వెళ్లలేదు. వీధి ఖాళీగా ఉన్న వైపు తిరిగాడు. ఎడమ మోకాలు బిగబట్టి, పాదం ఈడుస్తూ, నాన్నకు దూరంగా, వీలైనంత దూరంగా నడవడం మొదలుపెట్టాడు. ఏడుపొస్తోంది. అయినా అడుగు తప్పు పడనివ్వలేదు. రొద అతని వెనకే తిరిగింది.

కిటికీలోంచి ఇంజనీరు గొంతు చించుకుని అరిచింది. “చావాలని ఉందా మీకు? ఆ నడక ఎవరిదో తెలుసుగా!”

అతను వెనక్కి తిరగలేదు.

“మా నాన్నది.”